సాయంత్రం ఆరు నుంచి పది దాకా: విశాఖ ఐస్ ఫ్యాక్టరీలో కరెంటు వేళలు మార్చిన పని

"సార్, వంద కిలోవాట్ల సోలార్ పెట్టేద్దాం. బిల్లు జీరో అయిపోవాలి."

ఫిషింగ్ హార్బర్‌కు దగ్గర్లో ఉన్న ఒక ఐస్ ఫ్యాక్టరీ యజమాని ఫోన్‌లో అన్న మొదటి మాట ఇదే. పరిశ్రమల కరెంటు వాడకం చూసి సలహా చెప్పడం నా వృత్తి. ఈ కోరిక నెలకు రెండు మూడుసార్లు వింటుంటాను. టీవీలో 2030కల్లా బొగ్గు, చమురు, గ్యాసు కాని కరెంటు 500 గిగావాట్లు (గిగావాటు అంటే పది లక్షల కిలోవాట్లు) అని వింటారు, పక్కింటి డాబా మీద పలకలు చూస్తారు, మనకెందుకు లేవు అనిపిస్తుంది. తప్పేం లేదు. కానీ ఈ పని చివరికి సోలార్ దగ్గర మొదలై ఉప్పునీళ్ళ తొట్టి దగ్గర తేలింది. అందుకే రాస్తున్నాను. ఫ్యాక్టరీ పేరు రాయనని యజమానికి మాటిచ్చాను.

ఫ్యాక్టరీ స్థితి

రోజుకు 30 టన్నుల గడ్డలు తీసే పాతకాలపు అమ్మోనియా ప్లాంటు. పెద్ద బ్రైన్ ట్యాంకు, అంటే చల్లటి ఉప్పునీళ్ళ తొట్టి. అందులో వరసగా దించిన ఇనప డబ్బాలు, ఒక్కో డబ్బాలో 50 కిలోల గడ్డ కడుతుంది. కంప్రెసర్లు మూడు. రెండు రాత్రీ పగలూ నడుస్తాయి, మూడోది స్పేర్. ఒక్కో కంప్రెసర్ 35 కిలోవాట్లు లాగుతుంది. నీళ్ళు కలియబెట్టే ఎజిటేటర్, పంపులు, కూలింగ్ టవర్ ఫ్యాను కలిపి ఇంకో 10. మొత్తం 80 కిలోవాట్లు. రోజుకు దగ్గర దగ్గర 1800 యూనిట్లు, అంటే టన్ను ఐసుకు 60 యూనిట్లు. ఆ వయసు ప్లాంటుకు అది మరీ చెడ్డ లెక్క కాదు.

సోలార్ కిలోవాటుకు మన దగ్గర ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి. వంద కిలోవాట్లు పెట్టినా 400 యూనిట్లే. 1800లో 400 పోతే జీరో ఎలా అవుతుంది? పైగా కిలోవాటుకు వంద చదరపు అడుగులు కావాలి. షెడ్డు కప్పు చూస్తే సగం పాత సిమెంటు రేకులు, వాటి మీద మనిషి నడవడమే భయం. బరువు మోయగల చోటు 60 కిలోవాట్లకు సరిపోతుందని తేలింది. అంటే 240 యూనిట్లు. యజమాని ముఖం చిన్నబోయింది.

బిల్లులో కనిపించింది

ఏడాది బిల్లులు తెప్పించి కూర్చున్నాను. హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసు కాబట్టి ఏ వేళలో ఎన్ని యూనిట్లు వాడారో విడిగా ఉంటుంది. వాడకం గీత గీస్తే నేల మీద పరిచిన చాపలా చదునుగా వచ్చింది. మధ్యాహ్నం 12కి ఎంతో, రాత్రి 8కి అంతే. రేటు మాత్రం చదునుగా లేదు.

2023లో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను సవరించింది. ఎండ ఉండే ఎనిమిది గంటల్లో యూనిట్ రేటు మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలని, పీక్ వేళల్లో పరిశ్రమలకు, వ్యాపారాలకు మామూలు రేటుకు 1.2 రెట్లకు తగ్గకూడదని అందులో ఉంది. పది కిలోవాట్లు దాటిన పరిశ్రమలకు, వ్యాపారాలకు 2024 ఏప్రిల్ 1 నుంచి అన్నారు. పీక్ అంటే వాడకం బాగా ఎక్కువగా ఉండే వేళ, ఇక్కడ సాయంత్రం ఆరు నుంచి పది దాకా. మామూలు యూనిట్ వంద పైసలు అనుకోండి. పీక్‌లో 120, ఎండ వేళ 80. ఒక యూనిట్‌ను సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి జరిపితే 40 పైసలు మిగులుతాయి. మిషను మార్చక్కర్లేదు, పలక పెట్టక్కర్లేదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. సోలార్ అమ్మేవాళ్ళు సాధారణంగా చెప్పరు. మన పలకలు మధ్యాహ్నమే పనిచేస్తాయి కదా, అవి మనకు ఆదా చేసేది ఆ 80 పైసల యూనిట్‌ని, 120 పైసల దాన్ని కాదు. రాత్రి 8 గంటల బిల్లును మధ్యాహ్నం పలక ముట్టుకోలేదు.

ఆ నాలుగు గంటలకూ దేశం ప్లానుకూ ఏం సంబంధం

ఇక్కడ కాస్త ఆగుతాను. యజమాని కూడా నన్ను ఇదే అడిగాడు: "మధ్యాహ్నం తక్కువ, సాయంత్రం ఎక్కువ అని వీళ్ళకేం సరదా సార్?"

2003 విద్యుత్ చట్టం మూడో సెక్షన్ ప్రకారం కేంద్ర విద్యుత్ అథారిటీ ఐదేళ్లకోసారి జాతీయ విద్యుత్ ప్రణాళిక తయారుచేయాలి. 2023లో వచ్చిన ప్రణాళిక 2031-32 నాటికి దేశం గరిష్ఠ డిమాండ్ 366 గిగావాట్లకు చేరుతుందని లెక్కగట్టింది. అప్పటికి సోలార్ సామర్థ్యమే 365 గిగావాట్లు ఉండాలంది. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే అబ్బో, సరిపోయింది అనిపిస్తుంది. సాయంత్రం ఏడింటికి ఆ 365లో ఒక్కటీ ఉండదు. జనం ఇంటికొచ్చి ఏసీలు, లైట్లు, వంటింట్లో మిక్సీలు వేసే వేళ అది. అందుకే అదే ప్రణాళిక 2031-32కి 47 గిగావాట్ల బ్యాటరీలు, 236 గిగావాట్ అవర్లు దాచేటన్ని, వాటికి తోడు 26 గిగావాట్లకు పైగా పంప్డ్ స్టోరేజీ కావాలంటోంది. మన దగ్గరే అల్లూరి జిల్లాలో ఎగువ సీలేరు పంప్డ్ స్టోరేజీ 1350 మెగావాట్లకు ఉద్దేశించింది. మిగులు కరెంటుతో నీళ్ళు పైకి ఎక్కించి, అవసరమైనప్పుడు కిందికి వదిలి తిప్పుకోవడం దాని పని.

విశాఖ వాళ్ళకు గ్రిడ్ సంగతి కొత్త కాదు. గాజువాక దగ్గర తూర్పు గ్రిడ్‌కూ దక్షిణ గ్రిడ్‌కూ మధ్య డీసీ లింకు 1999లో మొదలైంది, తర్వాత వెయ్యి మెగావాట్లకు పెరిగింది. 2013 డిసెంబర్ 31న దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసిపోయాక రాజస్థాన్ ఎండ కరెంటు ఇక్కడికి రావడానికి దారి ఏర్పడింది. కానీ గ్రిడ్ కరెంటును ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మోసుకుపోగలదు గానీ, మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి మోసుకుపోలేదు. ఆ మోత ఇప్పటికీ ఎక్కువగా పరవాడలో సింహాద్రి లాంటి బొగ్గు కేంద్రాలదే. 2000 మెగావాట్ల ఆ ప్లాంటు రిజర్వాయర్ మీదే 2021లో 25 మెగావాట్ల తేలే సోలార్ వేశారు. మధ్యాహ్నం పలకలు పనిచేస్తాయి, పొద్దు గూకాక బాయిలర్లు గట్టిగా మండాలి. ఒకే కాంపౌండులో దేశం సమస్య అంతా కనిపిస్తుంది.

2025 మధ్యలో స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతరమే (బొగ్గు, చమురు, గ్యాసు కానిదే) అయిందని కేంద్రం ప్రకటించింది. నిజమే. అది సామర్థ్యం లెక్క. తయారైన యూనిట్ల లెక్కలో బొగ్గే ఇంకా ముందుంది. మా వృత్తిలో ఈ తేడా తెలియనివాడి మాట వినకండని క్లయింట్లకు చెబుతుంటాను.

యజమానికి ఇంత చెప్పలేదు. ట్యాంకు చూపించి, "మీ దగ్గర ఇప్పటికే ఒక బ్యాటరీ ఉందండీ, మీరు దాన్ని వాడట్లేదు" అన్నాను. గడ్డ కట్టడమంటే చలిని దాచడమే కదా.

పెద్దాయన ఒప్పుకోలేదు

ప్లాంటు ఆపరేటర్ అరవై దాటిన పెద్దాయన. అమ్మోనియా వాసన ముక్కుకు తగిలితే ఏ వాల్వు దగ్గర కారుతోందో చెప్పేస్తాడు. సాయంత్రం ఆరింటికి కంప్రెసర్లు ఆపుదామనగానే ఆయన నవ్వాడు.

"ఏటి బాబూ, కంప్రెసర్ ఆపేస్తే తెల్లారేసరికి గెడ్డ ఎలాగ కడతాది? బోటోడు ఊరుకుంటాడేటి?"

నేను లాప్‌టాప్ తెరిచి లెక్క చూపించాను. ఆయన చూడలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది, ఆ రోజు నేను ఆయన మాట వినాల్సింది.

మొదటి రాత్రి ఆరింటికి రెండు కంప్రెసర్లూ ఆపాం. బ్రైన్ అప్పటికి మైనస్ 10 డిగ్రీల దగ్గర ఉంది. నాలుగు గంటల్లో మైనస్ 6 దాకా రావచ్చని నా లెక్క. ఎనిమిదిన్నరకు మైనస్ 5, తొమ్మిదికి మైనస్ 4. తొమ్మిదింటికే రెండూ ఆన్ చేయించాను. తెల్లవారి నాలుగున్నరకు హాయిస్టుతో డబ్బాలు పైకి లేపి, నీళ్ళలో ముంచి, గడ్డలు బోర్లిస్తే, మూడో వరస నుంచి గడ్డ మధ్యలో చెయ్యి పట్టేంత బోలు. అందులోంచి నీళ్ళు బొళుక్కున కారాయి. ఆ రోజు ఐస్ కోసం ఒక మరబోటు వాళ్ళు వచ్చి ఉన్నారు. వారం పది రోజుల వేటకు వెళ్ళేవాళ్ళు. బోలు గడ్డ క్రషర్‌లో వేస్తే పిండైపోతుంది, బోటు అడుగు గదిలో తొందరగా కరుగుతుంది. బోటు నడిపే సరంగు అరిచిన అరుపులు ఇక్కడ రాయలేను. యజమాని ఆ లాటుకు సగం డబ్బే తీసుకున్నాడు.

పెద్దాయన మాత్రం ఏమీ అనలేదు. పక్కన కూర్చోబెట్టుకుని తన నోటు పుస్తకం తీశాడు. రోజూ ఏ గంటకు బ్రైన్ ఎంత, ఎన్ని డబ్బాలు తీశారు, ఎన్ని నింపారు అని పెన్సిల్‌తో రాసుకున్న పుస్తకం. అందులో నాకు తప్పు దొరికింది. కట్టిన గడ్డలు తీసి డబ్బాల్లో కొత్త నీళ్ళు పోయడాన్ని కోత అంటారు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు మధ్య రోజువారీ కోతలో పెద్ద భాగం జరుగుతుంది. అంటే ఆరింటికి తొట్టిలో చాలా డబ్బాల్లో అప్పుడే పోసిన, ముప్ఫై డిగ్రీల వెచ్చటి నీళ్ళు. ఆ వెచ్చదనమంతా బ్రైన్ మీద పడే గంటల్లోనే నేను కంప్రెసర్లు ఆపాను. కరెంటు గీత చూశాను గానీ నీళ్ళు ఎప్పుడు పోస్తున్నారో చూడలేదు.

రెండో ఏర్పాటు

కోత వేళ మార్చడం మొదటి పని. సాయంత్రం లాటును మధ్యాహ్నం ఒంటిగంట లోపలికి జరిపాం. ఆరు నుంచి పది మధ్య ఒక్క డబ్బా కూడా కొత్తగా నింపకూడదు. కూలీల షిఫ్టు మారింది, ఎండలో పని అని గొణిగారు. రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చి, తాగడానికి మజ్జిగ ఏర్పాటు చేసి యజమాని సర్ది చెప్పాడు.

ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా మూడో కంప్రెసర్ కూడా నడపడం రెండోది. 35 కిలోవాట్లు, ఆరు గంటలు, 210 యూనిట్లు. బ్రైన్ మైనస్ 12 దాకా దిగుతుంది. సాయంత్రం 6 నుంచి 8 వరకు కంప్రెసర్లన్నీ బంద్, ఎజిటేటర్, పంపులు మాత్రం ఉంటాయి. 8 నుంచి 10 వరకు ఒక్కటి. పది దాటాక మళ్ళీ రెండు. ఈ నాలుగు గంటల్లో 320 యూనిట్లు లాగే చోట 110 లాగుతోంది, అంటే పీక్ నుంచి తప్పినవి 210.

ట్యాంకు మీది చెక్క మూతలు చాలావరకు పుచ్చిపోయి, సందుల్లోంచి చలి పైకి వచ్చేసేది. కొత్తవి చేయించి కింద థర్మాకోల్ లాంటి ఇన్సులేషన్ అతికించాం. ఎనిమిదింటికి బ్రైన్ మైనస్ 7.5 దగ్గర నిలవడానికి కోత వేళ ఎంత కారణమో మూతలు కూడా అంతే కారణమని నా అంచనా. విడివిడిగా కొలవలేదు.

మూడో కంప్రెసర్ మధ్యాహ్నం నడిపితే ఒక చిక్కు ఉంది. లోడు 115 కిలోవాట్లు అవుతుంది, సుమారు 121 కేవీఏ. కేవీఏ అంటే పనిచేసే కిలోవాట్లతో పాటు మోటార్ల అయస్కాంతాలకు పోయే రియాక్టివ్ భారాన్ని కూడా కలిపి కొలిచే లెక్క. వాళ్ళ కాంట్రాక్టెడ్ డిమాండ్, అంటే కరెంటు కంపెనీతో ఒప్పుకున్న గరిష్ఠ వాడకం, 110. దాటితే జరిమానా. అక్కడ కప్పు మీద పెట్టించిన 60 కిలోవాట్ల సోలార్ అక్కరకొచ్చింది. మంచి ఎండలో 60 కిలోవాట్ల పలకలు 45 దాకా ఇస్తాయి కాబట్టి మీటరు దగ్గర డిమాండ్ పాత గీత కంటే కింద ఉంటుంది. ఎండ వచ్చిన గంటలో లోడు పెంచడమన్నమాట. ఇది మొదట్లో నాకు తట్టలేదు, రెండూ విడివిడి పనులనుకున్నాను.

మబ్బు పడితే? రెండో నెలలో ఒక మధ్యాహ్నం సముద్రం మీదనుంచి మబ్బు వచ్చి పలకలు పదికి పడిపోయాయి, మూడు కంప్రెసర్లూ నడుస్తున్నాయి. ఆ నెల బిల్లులో డిమాండ్ జరిమానా పడింది. తర్వాత గ్రిడ్ వైపు కేవీఏ చూసి మూడోదాన్ని ఆపే రిలే పెట్టాం. ముందే పెట్టాల్సింది.

పవర్ ఫ్యాక్టర్ దెబ్బ

తోటి ఇంజనీర్ల కోసం ఇది కాస్త వివరంగా రాస్తున్నాను, సోలార్ పెట్టిన చాలా చిన్న పరిశ్రమల్లో ఇదే గొడవ. పవర్ ఫ్యాక్టర్ అంటే కేవీఏలో కిలోవాట్ల వంతు. పలకల కరెంటును ఏసీగా మార్చే ఇన్వర్టర్లు మామూలుగా యూనిటీ, అంటే 1 పవర్ ఫ్యాక్టర్ మీద నడుస్తాయి. అవి కిలోవాట్లను తగ్గిస్తాయి, రియాక్టివ్‌ను ముట్టుకోవు. 80 కిలోవాట్ల లోడు 0.95 దగ్గర ఉంటే 26 కేవీఏఆర్ రియాక్టివ్ లాగుతుంది. 50 కిలోవాట్లు సోలార్ ఇచ్చిందనుకోండి, గ్రిడ్ నుంచి 30 కిలోవాట్లు, 26 కేవీఏఆర్ అలాగే. మీటరు దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.75కి పడిపోతుంది. హెచ్‌టీ బిల్లు కిలోవాట్ గంటల్లో కాకుండా కేవీఏ గంటల్లో, అంటే కేవీఏహెచ్‌లో ఉంటుంది కాబట్టి ఆదా అయిందనుకున్న దాంట్లో కొంత ఇలా కారిపోతుంది.

మా దగ్గర రియాక్టివ్‌ను సర్దే కెపాసిటర్ ప్యానెల్‌కు కరెంటు కొలిచి చెప్పే సీటీ లోడు వైపు ఉంది, ప్యానెల్‌కు 0.95 కనిపిస్తోంది, అంతా బాగుందనుకుంటోంది. సీటీని గ్రిడ్ వైపు మార్చి, చిన్న స్టెప్పులు రెండు కలిపాం. ప్యానెల్ వేసిన కాంట్రాక్టర్ మొదట "మీటరు తప్పు చూపిస్తోంది సార్" అన్నాడు. మీటరు తప్పు కాదు.

కప్పు మీద

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన ఊరు ఇది. ఆ తర్వాత కరెంటు లేని రాత్రులు, నీళ్ళ ట్యాంకర్ల ముందు క్యూలు గుర్తున్నవాడెవడూ కప్పు మీద నాలుగు ఇటుకలు బరువు పెట్టి పలకలు నిలబెట్టడు. కట్టడాల మీద గాలి భారం లెక్కకు వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు అంటుంది, గంటకు 180 కిలోమీటర్లు. పునాది దాకా విడి స్టీలు ఫ్రేము వేయించాం. అంచుల దగ్గర గాలి పైకి లాగే బలం ఎక్కువ కాబట్టి చివరి వరస వదిలేసి లోపలికి జరిపాం. ఒక వెండర్ ఆ వరస కూడా కలిపి 66 కిలోవాట్లు చేస్తానన్నాడు. వద్దన్నాను.

ఉప్పు గాలికి మామూలు బోల్టులు ఏడాదికే ఎర్రబడతాయి. గాల్వనైజ్డ్ ఫ్రేముకు స్టెయిన్‌లెస్ బోల్టులు వేయించాం. అసలు శత్రువు మాత్రం కాకులు. చేపల వాడ కాబట్టి వందలాది కాకులు, కొంగలు. ఒక సెల్లు మీద రెట్ట ఎండిపోతే ఆ సెల్లు వేడెక్కి ఆ పలక కరెంటంతా తగ్గుతుంది. దాని మీద నల్లటి దుమ్ము. వారానికోసారి కడగడం కాగితం మీద ఉంది, జరిగేది పదిహేను రోజులకు.

ఎండ క్యాలెండర్, వేట క్యాలెండర్

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పలకలు బాగా పనిచేసే రోజుల్లోనే ఫ్యాక్టరీ మూత, ఓవర్‌హాలింగు. తర్వాత జూలై, ఆగస్టుల్లో బోట్లు ఎగబడతాయి, అప్పుడు ఆకాశం నిండా మబ్బు. ఆ 61 రోజుల్లో 16 వేల యూనిట్ల దాకా నెట్ మీటర్ ద్వారా గ్రిడ్‌లోకి వెళ్ళాయి. 60 కిలోవాట్ల దగ్గర ఆగడానికి ఇది కూడా కారణం. ఎంత పెద్దది పెడితే ఆ రెండు నెలల్లో అంత ఎక్కువ బయటికి పోతుంది. దేశం లెక్కలోనూ ఇదే తంతు. బ్యాటరీ మధ్యాహ్నాన్ని సాయంత్రానికి జరుపుతుంది, మే నెలను ఆగస్టుకు జరపలేదు. ఆ పని చేయడానికి గాలి, జలవిద్యుత్తు తప్ప తేలిక దారి నాకు కనబడదు.

లెక్క ఎలా తేలింది

సోలార్‌కు దగ్గర దగ్గర 30 లక్షలు అయింది. మూతలు, సెన్సర్లు, టైమర్లు, రిలే అన్నీ కలిపి రెండున్నర లక్షలు. ఇందాకటి వంద పైసల లెక్కలో సోలార్ రోజుకు 240 యూనిట్లను 80 పైసల చొప్పున ఆదా చేస్తుంది, 192 రూపాయలు. వేళ మార్చినందుకు 210 యూనిట్లు, 40 పైసల చొప్పున 84 రూపాయలు. అయితే బ్రైన్‌ను మైనస్ 12కి దించడానికి, మధ్యాహ్నం వేడిలో కంప్రెసర్ నడపడానికి రోజుకు 25 యూనిట్ల దాకా ఎక్కువ ఖర్చవుతున్నాయి, అవి 20 రూపాయలు తీసేస్తే 64. అసలు రేట్లు వేరు, కానీ నిష్పత్తి ఇదే. సోలార్ ఆదాలో మూడో వంతు, దాని ఖర్చులో పన్నెండో వంతుకు వచ్చింది.

అంటే ఈ ఫ్యాక్టరీ ఇప్పుడు మునుపటి కంటే కాస్త ఎక్కువ యూనిట్లు వాడుతోంది. టన్నుకు ఎన్ని యూనిట్లు అనే పాత కొలత పట్టుకుని ఆడిట్ రిపోర్టు రాస్తే నేను ఫెయిల్. బిల్లు తగ్గింది, గ్రిడ్ మీద రాత్రి ఏడింటి భారం తగ్గింది, రిపోర్టు ఫారంలో మాత్రం ఆ గడి లేదు. నేనే అదనంగా ఒక కాలమ్ గీసి, "పీక్‌లో యూనిట్లు" అని రాసి పంపాను.

ఒక పని మిగిలింది. గడ్డలు దాచే స్టోర్ గది గోడలు తడిసి ఇన్సులేషన్ పోయింది. అది బాగుచేస్తే ఒక రోజు ఐస్ ముందే తీసి పెట్టుకోవచ్చు, అప్పుడు ఎనిమిది నుంచి పది మధ్య నడిచే ఆ ఒక్క కంప్రెసర్ కూడా ఆపొచ్చు. వచ్చే నిషేధం రోజుల్లో చేద్దామని యజమాని అన్నాడు. పెద్దాయన పుస్తకంలో ఇప్పుడు కొత్త వరస ఒకటి చేరింది, రాత్రి ఎనిమిదింటి బ్రైన్. మొన్న వెళ్ళినప్పుడు చూశాను. మైనస్ 7.5, మైనస్ 8, మైనస్ 7, మళ్ళీ 7.5. ఒక్క చోట మైనస్ 5 అని ఉండి, పక్కన "మూత తీసి ఒగ్గేశారు" అని రాసి ఉంది.